లావు అక్షరం

గడప మీద నిలబడి గోడకి చెప్పినట్టు గొణిగితే నాకేం వినపడుతుందిరా? లోపలికి రా. ఆ నిచ్చెన తగలకుండా పక్కనుంచి రా. ఎనిమిదేళ్ళ తర్వాత ఈ బోర్డుల కొట్టులో కాలు పెడుతున్నావు, ఆ కాలైనా చూసి పెట్టు.

మేడ మీద నా చేతి వంటే తింటావు. నా పక్కగదిలోనే పడుకుంటావు. పదహారు మెట్లు దిగి పక్కసందు తలుపులోంచి వీధిలో పడతావు గానీ, కొట్టు తలుపు మాత్రం తొయ్యవు. రంగు వాసన దొరగారికి పడదు మరి.

ఊఁ, ఇప్పుడు చెప్పు. ఇంకోసారి చెప్పు, నా చెవుల్ని నేనే నమ్మలేకుండా ఉన్నాను.

ఆసుపత్రి బోర్డులు నలభై ఒకటి. నేను రాయాలి. అదీ నీ లావు అక్షరంలో.

బాగుంది నాయనా, చాలా బాగుంది. ఆసుపత్రి ఇంజనీరు వెతుక్కుంటూ నీ అట్టపెట్టెల గోదాముకొచ్చి, "లావు అక్షరాల మనిషివి నువ్వేనా" అని అడిగితే, "నేను మానేశానండీ, మా అక్క రాస్తుంది" అని మాటిచ్చేసి వచ్చావు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వు మాత్రం నన్ను అడక్కుండానే తీసుకెళ్ళి వాళ్ళకి వడ్డించేశావు.

కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు విరిగింది. నిచ్చెన కింది మెట్టు మీద కూర్చో. ఒకప్పుడు నీ సింహాసనం అదేగా.

ఆ మొహం అలా పెట్టకు. నేనింకా తిట్టడం మొదలుపెట్టలేదు.

అసలు నీ అక్షరం మొహం ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశావా? నేను చూశాను, ఇరవై ఏళ్ళ పాటు చూశాను. మొదటి నుంచి చివరి దాకా ఒకటే మందం. ఎక్కడా సన్నబడదు, ఎక్కడా వంపు తిరిగి నవ్వదు. తోక లేదు, ముక్కు లేదు, చివర చిన్న మెలికైనా లేదు. కొసలు కత్తితో తెగ్గోసినట్టుంటాయి. గుండ్రాలన్నీ బాన కడుపులు. వరసగా నిలబెడితే అక్షరాల్లా ఉండవు, లారీలోంచి దింపిన సిమెంటు బస్తాల్లా ఉంటాయి.

నా అక్షరం అలా కాదు. కుంచె ఒత్తితే లావు, లేపితే సన్నం, తిప్పితే వెంట్రుకవాసి. చివర ఒక మెలిక, కింద ఒక పలచని నీడ. నగల కొట్టువాళ్ళు, సంగీతం మాస్టారు, శుభలేఖలు వేయించుకునేవాళ్ళు నా బల్ల దగ్గరే కాచుకుని కూర్చునేవాళ్ళు. జనం బోర్డు ముందు ఆగి, "ఎవరి చెయ్యండీ ఇది" అని అడిగేవాళ్ళు. నీ బోర్డు ముందు ఎవడైనా ఆగి, ఇది ఎవరి చెయ్యి అని అడిగాడా?

అడగలేదు. ఎందుకంటే ఎవడూ ఆగలేదు. చదువుకుంటూ వెళ్ళిపోయారు.

నాన్న ఏం చేసేవాడో గుర్తుందా? మనిద్దరి బోర్డులూ ఎదుటి గోడకి ఆనించి నలభై అడుగులు వెనక్కి నడిచేవాడు. ఒక అద్దం ముక్క మీద నీళ్ళు చిలకరించి, ఆ తడి అద్దం కళ్ళకడ్డం పెట్టుకుని చూసేవాడు. వానలో, దుమ్ములో, కళ్ళ నిండా నీళ్ళున్నప్పుడు కూడా చదవగలిగితేనే అది బోర్డు అనేవాడు. నా బోర్డు దగ్గరికొచ్చేసరికి అద్దం కిందికి దించి, "తల్లీ, ఎంత అందంగా ఉందో" అనేవాడు. నీ దాని దగ్గర అద్దం దించేవాడు కాదు. అలాగే చదివేసేవాడు.

నిన్ను ఒక్క మాట పొగడలేదని మొహం మాడ్చుకునేవాడివి, పిచ్చి మొద్దు. అద్దం దించాల్సి వచ్చిందంటే నాది తప్పినట్టే కదా. ఆ సంగతి నాకు పదిహేనో ఏటే తెలిసిపోయింది. నీకు ఇప్పుడు నేను చెప్తే గానీ తెలియలేదు, చూడు.

నాన్న పోయే ముందు కూడా అదే. నువ్వు మందులకి వెళ్ళావు. నన్ను దగ్గరికి పిలిచి, "నీది అందం తల్లీ, వాడిది పని. వాణ్ణి నిచ్చెన దిగనివ్వకు" అన్నాడు. తండ్రి ఆఖరి మాట అది. నా గురించి రెండు మాటలు, మిగతాదంతా నీ గురించి.

సరేలే. రాస్తాననే అనుకో. ముందు పరీక్ష పెడతాను, జవాబు చెప్పు. నీ అక్షరం ఎక్కడ వాడాలి?

పోనీ నేనే చెప్తాను. పరిగెత్తేవాడు చదవాల్సిన చోట వాడాలి. ఆ ఒక్క మాటలో అంతా ఉంది. బస్సు నంబరుకి, ప్లాట్‌ఫారం నంబరుకి, మంట లేస్తే పగలగొట్టాల్సిన అద్దానికి. "ఇటు రావద్దు" అనడానికి. "బయటికి దారి" అనడానికి. కొట్టు పేరు వీధి చివరి నుంచి కనపడాలంటే కొట్టు పేరుకి. పేపర్లో అయితే పైన, ఎవరో గెలిచారనో ఎవరో పోయారనో చెప్పడానికి. రెండు మాటలు రాయొచ్చు, మూడు రాయొచ్చు. అంతకు మించితే చదివేవాడికి ఊపిరాడదు.

ఎక్కడ వాడకూడదో అది కూడా చెప్పనా? పేరాలకు పేరాలు రాసే చోట వాడకూడదు. మందు సీసా వెనకాల వాడకూడదు. చిన్నగా రాస్తే దాని కడుపు పూడిపోయి సున్నా కాస్తా మచ్చయిపోతుంది. శుభలేఖలో వేస్తే కోర్టు నోటీసులా ఉంటుంది. ఓదార్పు ఉత్తరంలో వేస్తే చెంప మీద కొట్టినట్టు ఉంటుంది. ఒక బోర్డు మీద ఉన్న మాటలన్నీ లావుగా రాస్తే చేపల సంతే, ఎవడి కేక ఎవడికీ వినపడదు. ఒకటి లావుగా కనపడాలంటే దాని పక్కది బక్కగా ఉండాలి. మనిద్దరి మాటే అనుకో.

నవ్వకు. ఆ పెళ్ళి సంగతి గుర్తొచ్చిందా? నువ్వేగా "భోజనాలు ఇటు" అని మూరెడు మూరెడు అక్షరాలతో రాసి గేటు దగ్గర పెట్టింది. వచ్చినవాడు వచ్చినట్టే అటు పోయాడు. తాళి కట్టే వేళకి పెళ్ళికొడుకు తరఫున ఒక మేనత్త, పెళ్ళికూతురు తరఫున ఫోటోగ్రాఫరు మిగిలారు. అంత బలం ఉందిరా నీ అక్షరానికి. పక్కనే నేను రాసిన "సుస్వాగతం" ఎవరి కంటా పడలేదు.

అక్షరానికీ అక్షరానికీ మధ్య గాలి ఆడనివ్వాలి. నీడ వెయ్యకూడదు, అంచు గియ్యకూడదు. పసుపు మీద నలుపు అయితే కళ్ళు మూసుకుని రాసెయ్యొచ్చు. నలుపు మీద తెలుపు అయితే గీత కాస్త సన్నం చెయ్యాలి, లేకపోతే తెల్లది ఉబ్బినట్టు కనపడుతుంది. చూశావా, అన్నీ తెలుసు నాకు. ఒకదాన్ని ఇన్నేళ్ళు ఏడ్చుకుంటూ చూస్తే అంతా తెలిసిపోతుంది.

తెలిసి ఏం లాభం. ఆ మూల గోడకి తిప్పి పెట్టిన రేకు ఉంది, ఇటు తిప్పు. తిప్పరా, కరవదు.

"అత్యవసర విభాగం." నేనే రాశాను. ఆ ఇంజనీరు ఊరికే నీ దగ్గరికి వచ్చాడనుకున్నావా? ముందు నా దగ్గరికే వచ్చాడు. ఇప్పుడా ఆసుపత్రిలో వేలాడుతున్న బోర్డులు ఎవరివనుకున్నావు? నావే. నాలుగేళ్ళ కిందట రాసినవి. "చాలా బాగున్నాయమ్మా, కాకపోతే ముసలివాళ్ళు ప్రతి బోర్డు ముందూ ఆగి, ఊడ్చే మనిషిని అడిగి వెళ్తున్నారు. మొన్నొకాయన గుండె నొప్పితో ఉన్న భార్యని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి కాన్పుల వార్డు దాకా తోసుకుపోయాడు" అన్నాడు. నా మొహం మీదే అన్నాడు. మర్యాదగానే అన్నాడు, అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

స్టిక్కర్లు అంటిస్తే గోడలు కడిగే మందుకి నెల తిరక్కుండా లేచిపోతున్నాయట. రేకు మీద రంగుతోనే కావాలి, లావు అక్షరమే కావాలి అన్నాడు. దానికేం, రాసిస్తానన్నాను. తోకలు కోసేస్తే సరిపోతుంది, అదేమన్నా బ్రహ్మవిద్యా అనుకున్నాను.

మూడు రోజులు పట్టింది ఆ ఒక్క రేకు. దగ్గరికెళ్ళి చూడు.

ఏంటా చూపు? జాలా? నీ జాలి తగలెయ్య. నువ్వు చెప్పవు గనక నేనే చెప్తాను. అవి లావు అక్షరాలు కావు, వాచిన అక్షరాలు. నా సన్న అక్షరానికే చుట్టూ రంగు మెత్తాను. కడుపులన్నీ పూడిపోయాయి. ఒత్తు పోయి కింది అంచుకి గుద్దుకుంది. ఖాళీలు ఒకచోట వీధంత ఉన్నాయి, ఒకచోట చీమ దూరదు. నువ్వు అక్షరాన్ని గీసేవాడివి కాదు, ముందు దాని లోపలి ఖాళీ గీసుకునేవాడివి. దాని చుట్టూ రంగు నింపేవాడివి. పక్కన కూర్చుని అన్నేళ్ళు చూశాను, కన్ను పట్టింది గానీ చేతికి రాలేదు.

ఇంజనీరు చూసి గొంతు సవరించుకున్నాడు. "ఇది కాదమ్మా. పాత లాండ్రీలో ఉండేవి చూడండి, అలాంటివి. అవి రాసిన మనిషి ఎక్కడున్నాడు?" అని అడిగాడు. ఏం చెయ్యను, చెప్పాను. గోదాముకి దారి కూడా చెప్పాను.

అవును, నేనే పంపించాను. ఆయనే నిన్ను చెవి పట్టుకుని లాక్కొస్తాడనుకున్నాను. నువ్వేమో ఆ బోర్డులన్నీ మళ్ళీ తెచ్చి నా నెత్తి మీదే పెట్టావు.

ఇదిగో, మొదలుపెట్టావా? "నేను కుంచె పట్టనక్కా." ఎనిమిదేళ్ళుగా ఇదే పాట. "నా అక్షరం ఒక మనిషి కాలు తీసిందక్కా." పల్లవి నీది, చరణం నేనే పాడతాను, విను.

బట్టలుతికే లాండ్రీ. వెనకాల పెరట్లో, నేలలోకి తవ్విన వేడినీటి గుంట. మామూలుగా మూత ఉంటుంది, ఉతుకు రోజున తీసేస్తారు. లోపల బోర్డులన్నీ అప్పటికే నీవి. పెరట్లో కూడా ఒకటి కావాలన్నాడు మేనేజరు. "ఆగు. ముందు వేడినీటి గుంట." నువ్వు రాశావు. రాసిన మర్నాడే జ్వరంతో పడ్డావు, పన్నెండు రోజులు ఒళ్ళు తెలియని జ్వరం. బోర్డు నేను బండి మీద వేసుకెళ్ళి ఇచ్చాను, వాళ్ళు బిగించుకున్నారు.

వారం తిరగలేదు. పెరడంతా ఆవిరి కమ్ముకున్న పొద్దున, పనిలో చేరి మూడు రోజులైన మూటల మనిషి, భుజాన దుప్పట్ల మూటతో బోర్డు దాకా నడిచాడు. బోర్డు దాటాడు. కుడికాలు మోకాలి పై దాకా గుంటలోకి దిగిపోయింది. ఆ కాలు తీసేశారు.

నువ్వు మంచం దిగేసరికి విచారణాధికారి బోర్డు ఊడదీయించి తీసుకుపోయాడు. "బోర్డు ఉంది, ఆవిరిలో అక్షరాలు ఆనలేదు" అని కాగితం మీద ఒక ముక్క రాశాడు. ఆ ముక్క పట్టుకుని నువ్వు నీ కుంచెలన్నీ కట్టగట్టి అటక మీద పారేశావు. అట్టపెట్టెలు మడిచే పనికి పోయావు. ఆదివారం వస్తే ఆ మూటల మనిషి ఇంటికి పోతావు. మూడంతస్తులు నీళ్ళు మోస్తావు. ఆయనకి గడ్డం గీస్తావు, పక్క మారుస్తావు, ఆయన తిట్టే తిట్లన్నీ తిని వస్తావు.

దర్జీ ఆవిడ కూతురు నాలుగేళ్ళు నీ కోసం చూసింది. బంగారం లాంటి పిల్ల. "నాకెందుకక్కా పెళ్ళి, ఒకాయన బతుకు కుంటిది చేశాను" అన్నావు. మొన్న ఆ పిల్లకి రెండో బిడ్డ పుట్టింది.

ఎనిమిదేళ్ళు. నాలుగొందల ఆదివారాలు. ఇవాళా ఆదివారమే, అందుకే చొక్కా చేతులు పైకి మడిచి తయారయ్యావు.

కూర్చోమన్నానా. అయిపోలేదింకా.

ఒకటి అడుగుతాను. జానెడు ఎత్తు అక్షరం, పసుపు మీద నలుపు. నాన్న తడి అద్దంలోంచి నలభై అడుగుల దూరాన చదివిన అక్షరం. అది ఆవిరిలో ఎలా ఆనకుండా పోయిందిరా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నీకు అనుమానం రాలేదా?

రాదు. వస్తే నన్ను అనుమానించాలి. అక్కని అనుమానించడం నీకు చేతకాదు. నీలో నాకు ఒళ్ళు మండేది అదొక్కటే.

అది నీ బోర్డు కాదు.

నేలకేసి చూడకు, నన్ను చూడు. అది నాది. రేకు నీదే, రాత నాది. నువ్వు పైన జ్వరంతో మూలుగుతుంటే, ఇక్కడ, ఈ బల్ల మీదే పెట్టుకుని, నీ అక్షరాల మీద పసుపు పూత వేసి ఆరబెట్టి, నా చేత్తో రాశాను. సన్నగా, మెలికలు తిప్పి, కింద బూడిద రంగు నీడ వేసి.

ఎందుకా? మేనేజరు బోర్డు చూసుకోవడానికి వచ్చాడు. నేను ఆ చివర కూర్చుని నగల కొట్టుది రాస్తున్నాను, రెండు వారాలుగా దాని మీదే ఉన్నాను. మేనేజరు దాని వంక చూడనైనా లేదు. నీది చూసి, "అక్షరమంటే ఇదమ్మా. కొట్టు తమ్ముడి చేతుల్లో పెట్టేసి నువ్వు హాయిగా ఇంట్లో కూర్చోరాదూ" అన్నాడు. ఇరవై ఏళ్ళు కుంచె పట్టినదాన్ని. హాయిగా కూర్చోమన్నాడు.

అంతే. దానికే. ఇంకేదో పెద్ద కారణం ఉంటుందని ఎదురుచూడకు, లేదు.

మనిషి పడాలని రాశానా? లేదు. అసలు అక్కడ గుంట ఉంటుందన్న ధ్యాసే లేదు. "వేడినీటి గుంట" అని నా చేత్తో రాస్తూ కూడా ఆ మాట నా బుర్రకెక్కలేదు. గీత అందంగా వస్తోందా, మెలిక కుదిరిందా, అదొక్కటే చూశాను. అయ్యాక ఎండలో పెట్టి చూసుకున్నాను. పొడి ఎండలో, మూడడుగుల దూరం నుంచి. అద్దం ముక్క ఆ సొరుగులోనే ఉంది, తీయలేదు. నిజం చెప్పమంటావా? అంత బాగా ఇంకే బోర్డూ కుదరలేదు నాకు.

రాత మారిందని మేనేజరు నోరెత్తలేదు, చూసుకోకుండా బిగించిన తప్పు తన మీదికొస్తుందని. విచారణాధికారి ఎవరు రాశారని అడిగాడు. "మా తమ్ముడండీ" అన్నాను. నోరు తడబడనైనా లేదు. నీకు జ్వరం దిగి కళ్ళు తెరిచి, "అక్కా, అది నా బోర్డేనా" అని అడిగావు. "నీదే" అన్నాను. మర్నాడు చెప్దామనుకున్నాను. మర్నాడు నువ్వు కుంచెలు అటకెక్కించావు. చూస్తూ నిలబడ్డాను. నాకు మనసు చల్లబడింది. అది కూడా చెప్పేస్తున్నాను, దాచుకుని ఏం చేసుకోను. లావు అక్షరం కావాలన్నవాడికి "అతను మానేశాడండీ" అని చెప్పడం కూడా బాగుండేది.

ఏడవకు. నువ్వు ఏడిస్తే నాకింకా కోపం వస్తుంది. కొడతావా? చెయ్యి ఆన్చుకుని రాసే కర్ర నీ పక్కనే ఉంది, తీసుకో.

తీసుకోవు. నాకు తెలుసు.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటావా? నీ మీద జాలి కాదు. పాపభీతి అంతకన్నా కాదు, అదుంటే ఎనిమిదేళ్ళు ఆగుతానా? ఈ నలభై ఒక్క బోర్డులు నా వల్ల కావు, అదీ సంగతి. ఆ గుండె నొప్పి ఆవిడ ఎలాగో బతికింది. ఇంకోసారి ఇంకొకరు బతకరు. వాళ్ళ మనిషి నా బోర్డు ముందు నిలబడి కళ్ళు చికిలించుకుంటాడు, కుర్చీలో ఉన్నవాళ్ళ ప్రాణం అక్కడే పోతుంది. ఒక కాలు చాలు నాకు. ఇంక మొయ్యలేను.

ఎక్కడికి లేచావు? ఆయనకి చెప్పాలా? ఏమని చెప్తావు? "మీ కాలు తీసింది నేను కాదు, మా అక్క" అనా?

ఆగు. అక్కడికి పోయి నవ్వులపాలు కాకు. ఆయనకి తెలుసు.

తెలుసన్నానా. మొదటి నుంచీ తెలుసు. మూడు రోజులే పనిచేశాడు గానీ, ఆ మూడు రోజులూ లోపల నీ అక్షరాలు చూస్తూనే మూటలు మోశాడు. పెరట్లోది వేరే చెయ్యి అని ఆయనకి పడిన రోజే తెలుసు. దాన్ని అంత దగ్గర నుంచి చదివినవాడు ఇంకెవడున్నాడు?

నువ్వు నీళ్ళు మోయడం మొదలుపెట్టిన రెండో నెలలో నేను వెళ్ళాను ఆయన దగ్గరికి. చెప్పేద్దామనే వెళ్ళాను, నమ్మితే నమ్ము. నేను నోరు తెరిచేలోపే, "ఆ బోర్డు నువ్వు రాసిందేగా" అన్నాడు. అవునన్నాను. నన్ను చంపేస్తాడనుకున్నాను, చంపినా బాగుండేది. ఆఖరికి, "వాడికి తెలుసా" అని అడిగాడు. తెలియదన్నాను. "అయితే చెప్పకు. తెలిస్తే రావడం మానేస్తాడు. నాకింకెవరున్నారు" అన్నాడు. నువ్వు కడిగి బోర్లించి వెళ్ళిన గ్లాసులో నాకు మంచినీళ్ళిచ్చి మరీ అన్నాడు.

సరేనన్నాను. ఆయనకి నీ రెక్కల కష్టం కావాలి, నాకు నీ కుంచె కనపడకూడదు. ఇద్దరికీ సరిపోయింది.

మరి అన్ని తిట్లెందుకు తిట్టాడంటావా? తిట్టకపోతే నీకు తప్పు చేసినట్టు ఎలా గుర్తుంటుంది? ఆ మధ్య జ్వరమొచ్చి రెండు ఆదివారాలు నువ్వు వెళ్ళకపోతే, ఆయన కబురంపాడు చూడు, "కాలు తీసినవాడు సుఖంగా పడుకున్నాడా" అని. ఆ కబురు తెచ్చి నీకు చెప్పింది ఎవరు? నేనే. లేచి కూర్చుని చొక్కా తొడుక్కున్నావు. నేనే గుండీలు పెట్టాను.

ఏదో ఒకటి అనరా. ఛీ అను.

అయితే పో. ఆయన దగ్గరికే పో, నీళ్ళు మొయ్యి, నాకేం. రేపు పది గంటలకి ఇంజనీరు వస్తాడు. ఔనో కాదో నువ్వే చెప్పుకో. నేను మాత్రం ఒక్క అక్షరం రాయను.

ఏంటి వెతుకుతున్నావు? వెడల్పు బ్రష్షా? రెండో సొరుగులో చూడు. అటక మీద నీవి వెతక్కు, పురుగు కొట్టేసింది. పసుపు డబ్బా బల్ల కింద ఉంది. మూత గట్టిగా ఉంటుంది, స్క్రూడ్రైవరుతో తియ్యి.

రేకు అలా బల్ల మీద పెడతావేంటి, కింద పాత పేపరు వెయ్యి.

నేను రాసిన దాని మీదే వేస్తున్నావా? మంచిది. వెయ్యి. మొదటి మాట నుంచే వెయ్యి. కర్ర ఆన్చుకో. కర్ర అందుకోమంటే కొట్టడానికి అందుకోలేదు, దీనికైనా అందుకో.

ఏంటి ఆగావు? పోలేదా? కింద నలుపు ఇంకా కనపడుతోందా?

నాది ఒక్క పూతకే పోతుందిలే, సన్నటి చెయ్యి, ఎంత మెత్తినా పైపైనే ఉంటుంది. ఆరనిచ్చి చూడు. ఆ రోజు గుంట బోర్డు మీద నీది నాలుగు పూతలేస్తే గానీ చావలేదు.